28 లీటర్ల ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్): అరటిపండు కుకీల కోసం కొనొచ్చా?

కొనొచ్చు. వారానికోసారైనా కేకో కుకీలో చేసే ఇంటికి ఈ సైజు చక్కగా సరిపోతుంది. ట్రేలో పన్నెండు కుకీలు ఎడంఎడంగా పడతాయి. నేను దీన్ని ఎక్కువగా వాడేది అరటిపండు కుకీలకి, పైన బటర్ ఫ్రాస్టింగ్ పూసి. ఓటీజీ వేడి ఎలా ఉందో ఇవి ఇట్టే చెప్పేస్తాయి కాబట్టి వాటి మీదే రాస్తున్నాను.

వీటిలో తడి ఎక్కువ. బిస్కట్లలా కరకరలాడకూడదు, మెత్తగా ఉండాలి. కింద వేడి ఎక్కువైతే అడుగు మాడుతుంది, మధ్యలో మాత్రం పచ్చిగా మిగులుతుంది. నాకు నచ్చనిది సరిగ్గా ఇక్కడే. డయల్ 180 దగ్గర పెడితే లోపల పెట్టిన థర్మామీటర్ 200 చూపిస్తోంది. కింది రాడ్ మరీ చురుకు. అందుకని డయల్ 160 దగ్గర పెట్టి, పావుగంట ప్రీహీట్ చేసి, ట్రేని మధ్య అరలో పెడుతున్నాను. 12 నుంచి 14 నిమిషాలు. కుకీ నడిమధ్యన వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా పైకి లేవాలి, అప్పుడు తీసేయాలి. ఓవెన్ థర్మామీటర్ ఒకటి విడిగా కొనుక్కోండి, అది లేకుండా ఈ డయల్‌ని నమ్మొద్దు.

ఫ్యాన్ మాత్రం బాగా పనిచేస్తుంది. తలుపు దగ్గరి కుకీలు కాస్త తెల్లగా ఉంటాయి కానీ సగంలో ట్రే తిప్పితే అన్నీ ఒకే రంగుకొస్తాయి. పెట్టెలో వచ్చిన నల్ల ట్రే పల్చన. కుకీల కింద బటర్ పేపర్ వేయకుండా దాన్ని వాడకండి.

పిండికి నేను వాడేది కర్పూర చక్కెరకేళి. తొక్క మీద నల్ల మచ్చలు బాగా వచ్చినవి కావాలి, పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. దాని చిరుపులుపు వంటసోడాకి పనికొస్తుంది కూడా. మెదిపిన గుజ్జు ఒక కప్పు, 250 గ్రాముల మైదా, 120 గ్రాముల బటర్, 150 గ్రాముల పంచదార, ఒక గుడ్డు, చెంచాడు వంటసోడా, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి. గారెల పిండి కన్నా ఒక పిసరు పల్చగా ఉంటుంది, చెంచాతోనే ట్రే మీద వేయాలి. మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. ఆవిడకి గుడ్డు బదులు మూడు చెంచాల గట్టి పెరుగు వేస్తాను. కొంచెం తక్కువ పొంగుతాయి, రుచికి ఏ లోటూ రాదు.

ఫ్రాస్టింగ్ సంగతి వేరు. మాది కాకినాడ, ఉక్కపోత ఊరు. 75 గ్రాముల ఉప్పు లేని బటర్‌ని తెల్లబడేదాకా గిలక్కొట్టి, 150 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి కలిపి, వెనిలా రెండు చుక్కలు వేస్తాను. బటర్ 32 డిగ్రీల దగ్గర్నుంచే కరగడం మొదలుపెడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వంటింట్లో ఇది నిలవదు. ఓటీజీ ఆపేశాక కూడా దాని ఒళ్లు చాలాసేపు వేడిగానే ఉంటుంది. కాబట్టి కుకీలని వేరే గదిలో, జాలీ మీద పూర్తిగా చల్లారనివ్వండి. ఫ్రాస్టింగ్‌ని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు పూయండి. పూసినవి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, వెడల్పు డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి ఇంకా బాగుంటాయి.

కొనేముందు వంటింట్లో 16 ఆంప్స్ ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి. ఇది 1600 వాట్లు, ఫోన్ ఛార్జర్ పెట్టే మామూలు సాకెట్‌లో పెట్టేది కాదు. వైరు పొట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపడం నాకైతే టెన్షన్. గోడకి జానెడు దూరం కూడా వదలాలి. ఆ చోటు కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టండి.