ఎస్‌పీ రోడ్డులో ప్లేనర్ కొని కార్లో హిందూపురం చేర్చడం

హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు వడ్రంగులు పెద్ద మిషన్ కొనాలంటే బెంగళూరు బండెక్కుతారు. ఏ కంపెనీది కొనాలో నెల రోజులు ఆలోచిస్తారు. దాన్ని ఇంటికెలా చేర్చాలన్నది మాత్రం బిల్లు కట్టి కొట్టు మెట్ల మీద నిలబడ్డాక గానీ గుర్తుకురాదు. చిత్రిక పట్టే మిషన్లలో, అంటే ప్లేనర్లలో, 12 అంగుళాల మకిటా 2012ఎన్‌బీ 28 కిలోలు, 13 అంగుళాల డివాల్ట్ 735 సుమారు 42 కిలోలు. మొదటిది గట్టి మనిషి ఒక్కడే ఎత్తుతాడు. రెండోదానికి ఇద్దరు కావాల్సిందే. ఈ 14 కిలోల తేడాతో బండి, దారి, బస అన్నీ మారతాయి.

కొనడానికి బెంగళూరు నడిబొడ్డున ఉన్న ఎస్‌పీ రోడ్డును మించింది లేదు. వరసగా కొట్లు, నాలుగుచోట్ల ధర అడగొచ్చు, చాలాచోట్ల బేరం తెలుగులోనే నడిచిపోతుంది. కారుకి మాత్రం అది నరకం. ఇరుకు రోడ్డు, ఆపితే వెనక హారన్లు. అందుకే పనిని రెండు ముక్కలు చేసుకోవాలి. ఒకరు గ్రీన్ లైన్ మెట్రోలో కేఆర్ మార్కెట్‌లోనో చిక్కపేటలోనో దిగి, నడిచి వెళ్లి, చూసి, బిల్లు చేయించాలి. కారున్నవాళ్లు దూరంగా ఆగి, పెట్టె కొట్టు గుమ్మం దాకా వచ్చిందని ఫోన్ వచ్చాకే లోపలికి రావాలి. పదకొండుకి ముందే బిల్లయితే మంచిది, సాయంత్రం నాలుగు దాటితే కదలడం కష్టం. ఆదివారం చాలా కొట్లు తెరవరు. ఆయుధపూజ ముందు వారం అటు పోకపోతేనే నయం.

బెంగళూరులోనే పీణ్యా పారిశ్రామికవాడలో ఎంపిక తక్కువ, కొట్లు చెదురుమదురుగా ఉంటాయి. అయితే గుమ్మం ముందే కారు ఆపుకోవచ్చు, యలహంక మీదుగా దొడ్డబళ్లాపురం రోడ్డెక్కడమూ సులువు. ఏ మోడలో ముందే తేల్చుకున్నవాళ్లకి పీణ్యాయే మేలు.

డబ్బు కట్టేముందు పెట్టె విప్పించాలి. మొదట చూడాల్సింది నేమ్‌ప్లేటు. డివాల్ట్ 735 అమెరికాలో 120 వోల్టులది. దాన్ని తెచ్చి చవకగా అంటగడితే మన 230 వోల్టులకి పెట్టిన క్షణంలో మోటారు కాలిపోతుంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. తర్వాత లోడు లేకుండా అర నిమిషం తిప్పించాలి, గరగర వినిపించకూడదు. పోత ఇనుప భాగాలుంటే వాటికి చీలిక ఉందేమో టార్చి వేసి చూడాలి. పోత ఇనుము వంగదు, దెబ్బకి విరుగుతుంది. ఆ చీలిక దుకాణంలోదో దారిలోదో తర్వాత తేలదు. సీరియల్ నంబరు బిల్లులో ఉండాలి. పన్నుతో కలిపి 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పత్రం) అడగండి, అందులో మీ కారు నంబరు ఉండాలి. ఆంధ్రలో జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు బిల్లు రాయకముందే ఆ సంగతి చెప్పాలి, కర్ణాటక ఎస్‌జీఎస్టీ (ఆ రాష్ట్రం వాటా పన్ను) పడితే కట్టిన పన్ను మనకి క్రెడిట్‌గా తిరిగి రాదు.

ఇక డిక్కీ. లీటర్ల లెక్క నమ్మి మోసపోతారు. పాత డిజైర్‌ది 378 లీటర్లు, పాత స్విఫ్ట్‌ది 268. అయినా ఇలాంటి చదరపు పెట్టె స్విఫ్ట్‌లోనే సులువుగా దిగుతుంది. డిజైర్ డిక్కీ నోరు ఎత్తు తక్కువ, స్విఫ్ట్‌లో వెనక సీటు మడిస్తే చోటు తెరుచుకుంటుంది. బయల్దేరకముందే టేపుతో నోరు వెడల్పూ ఎత్తూ కొలిచి, అట్టపెట్టె కొలతలు కొట్టువాళ్లని ఫోన్లో అడగండి. సీఎన్‌జీ సిలిండరున్న కారైతే ఆ ఆలోచనే వద్దు. స్విఫ్ట్‌లో తిప్పలు డిక్కీ అంచుతో, అది ఎత్తుగా ఉంటుంది. లోపల మడిచిన సీటు దగ్గర మెట్టూ ఉంటుంది. రెండడుగులు నాలుగడుగుల 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క, కింద పాత దుప్పటి, అంచు మీద గోనెసంచి తీసుకెళ్లండి. పెట్టె ముందంచు గోనె మీద ఆనించి, వెనకంచు ఇద్దరూ ఎత్తి తోస్తే ప్లైవుడ్ మీద జారిపోతుంది. పెట్టె లేకుండా మిషన్ ఎత్తాల్సి వస్తే మడిచిన టేబుళ్లు పట్టుకుని గానీ, ఎత్తు మార్చే హ్యాండిల్ పట్టుకుని గానీ ఎత్తొద్దు, లెవెల్ పోతుంది. పట్టు అడుగు భాగంలోనే.

పెట్టె ముందు సీటు వీపుకి ఆనాలి, బాణం గుర్తు పైకి చూడాలి. 25 ఎంఎం రాచెట్ బెల్టు రెండు తీసుకుని, పిల్లల సీటు తగిలించే కొక్కేల్లాంటి గట్టి చోట కట్టండి. ప్లాస్టిక్ హ్యాండిళ్లకి కడితే ఊడొస్తాయి. గట్టి బ్రేకుకే 42 కిలోల పెట్టె 30 కిలోలకు పైగా బలంతో ముందుకు నెడుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే ఆ బలం దాదాపు 600 కిలోలు. దానికి ఎదురుగా ఉండేది డ్రైవర్ వీపే.

50 కిలోలు దాటిన మిషన్ గానీ, స్టాండుతో ఉన్న టేబుల్ సా (బల్ల రంపం) గానీ కార్లో వద్దు. ఎస్‌పీ రోడ్డుకి దగ్గరే కలాసిపాళ్యంలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులున్నాయి. అక్కడిదాకా యాప్‌లో పిలిచిన త్రీవీలర్ చాలు. చెక్క ప్యాకింగ్ చేయిస్తేనే అప్పగించండి, అట్టపెట్టె మీద ఎవడో సిమెంటు బస్తాలు వేస్తాడు. ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’, అంటే దెబ్బతింటే నష్టం మీదే అని ఉందేమో చూసుకోవాలి. గోడౌన్ డెలివరీ అయితే మీ ఊళ్లో హమాలీ ఖర్చు వేరే. కారు పెట్రోలు, టోలు లెక్కేస్తే ఇది చాలాసార్లు చవకే.

రాత్రి ఉండాల్సి వస్తే గాంధీనగర్ లాడ్జీలు దగ్గరే, కానీ కారు రోడ్డు మీదే. డిక్కీలో కొత్త మిషన్ పెట్టుకుని ఆ నిద్ర పట్టదు. యలహంక దాకా వచ్చి, లోపల పార్కింగూ కాపలా ఉన్న చోట దిగితే, అద్దె కాస్త ఎక్కువైనా పొద్దున్నే ఊరి రద్దీ తగలదు. అనంతపురంవాళ్లకి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా 44వ నంబరు హైవే. హిందూపురంవాళ్లకి దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దారి. ఇది దగ్గర, అయితే ఊరూరా స్పీడు బ్రేకర్లు. మొదటి పది కిలోమీటర్ల తర్వాత ఆపి బెల్టు మళ్లీ బిగించాలి, అట్ట నలిగి వదులవుతుంది.

ఇంటికొచ్చాక మిషన్ని పెట్టెలోంచి పైకి లాగొద్దు. ఒక పక్క రెండు మూలలూ కోసి, ఆ గోడ పడుకోబెట్టి, ప్లైవుడ్ మీదికి జరపండి. అట్టా థర్మోకోలూ వారంటీ అయ్యేదాకా అటక మీద ఉండనివ్వండి. వానాకాలంలో తెస్తే ప్లాస్టిక్ కవరు ఆ రాత్రే తీసేయాలి, లోపల చెమ్మ పట్టి ఇనుప భాగాల మీద తుప్పు మచ్చలు రావచ్చు. మకిటా 2012ఎన్‌బీ 1,650 వాట్లు, అంటే 7 ఆంపియర్ల పైనే. 15 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు.