చేత్తో పట్టుకునే రోబో సూది: రెండు రోజులు వాడాక

రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) కింద మందు ఎక్కించడం నేను వట్టి చేత్తోనే నేర్చుకున్నాను. అందుకే ట్రైనింగ్ ల్యాబ్‌లో ఈ పరికరం ఇచ్చి పంది కళ్ల మీద వాడి చూడమన్నప్పుడు అనుమానంగానే తీసుకున్నాను. రెండు రోజుల్లో అనుమానం చాలావరకు పోయింది, కొంత మిగిలింది.

కష్టం ఎక్కడుందో ముందు చెప్పాలి. రెటీనా మందం దాదాపు పావు మిల్లీమీటరు. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకు ఉంటుంది, సూది కొన దగ్గర అది 100 మైక్రాన్ల దాకా, అంటే మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉండొచ్చు. సూది పైపైనే ఆగితే మందు వెనక్కి చిమ్మేస్తుంది, ఎక్కువ దిగితే కింది పొర దెబ్బతిని రక్తం వస్తుంది. పుట్టుకతో వచ్చే ఒక రకం చూపు జబ్బుకి 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా జీన్ థెరపీ (సరైన జన్యువుని కణాలకి అందించే మందు) కూడా ఇలాగే రెటీనా కింద ఇవ్వాలి, కంటికి 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. అవతల ఉన్నది చాలాసార్లు చిన్నపిల్లలు. వెనక్కి చిమ్మిన మందు పోయినట్టే.

ఇక పరికరం. లావుపాటి పెన్నులా ఉంటుంది. సూది పక్కనే ఉన్న సన్నటి ఫైబర్ ఓసీటీతో (కాంతి పంపి పొరల లోతు చూసే పద్ధతి) రెటీనా ఎంత దూరంలో ఉందో కొలుస్తూ ఉంటుంది, చెయ్యి ముందుకు జరిగితే లోపలి మోటారు సూదిని అంతే వెనక్కి లాగుతుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో తయారైన 'మైక్రాన్' అనే ఇలాంటి పరికరం అయితే పక్కల కదలికను కూడా సరిచేస్తుంది, నేను వాడినది లోతును మాత్రమే చూసుకుంటుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో మనిషి కంటి లోపల మొదటిసారి వాడిన రోబో వేరే రకం, అది స్టాండ్‌కి బిగించి జాయ్‌స్టిక్‌తో నడిపేది. నాకు మాత్రం చేతిలో ఉండే రకమే నచ్చింది, ఎందుకంటే ఏదైనా తేడా అనిపించిన క్షణంలో చెయ్యి వెనక్కి తీసేసుకోవచ్చు.

బాగా నచ్చింది మందు ఎక్కే సమయం. మామూలుగా సూది నేను పట్టుకుంటే సిరంజి ప్లంజర్ అసిస్టెంట్ నొక్కుతారు, నేను "ఆపండి" అన్నాక వాళ్లు ఆపేలోపు కొంత వెళ్లిపోతుంది. ఇక్కడ మందు ఎక్కించే ఫుట్ పెడల్ నా కాలి కిందే ఉంది (ఇలా కాలితో ఎక్కించడం ఇప్పటికే కొన్ని విట్రెక్టమీ మెషీన్లతో, అంటే కంటి లోపలి జెల్లీని తీసే మెషీన్లతో కూడా కుదురుతుంది), లోతు సంగతి మోటారు చూసుకుంటోంది కాబట్టి నా ధ్యాసంతా రెటీనా కింద మందు బుడగ ఎలా లేస్తుందో దాని మీదే పెట్టగలిగాను. ఆ టెన్షన్ తగ్గడం చిన్న విషయం కాదు.

కానీ బుడగ లేచాక పొరల తీరు మారిపోయి పరికరం రెండు మూడుసార్లు తడబడింది. పక్కకి జరిగే వణుకుని ఆపదు కాబట్టి సూది దిగిన రంధ్రం కాస్త సాగింది. వైరు బరువు మణికట్టుని లాగుతూనే ఉంటుంది. మోటారు సరిచేసేది చాలా తక్కువ దూరమే, పేషెంట్ ఒక్కసారిగా తల కదిపితే అది కాపాడుతుందని నమ్ముకోకూడదు. మామూలుగా కంటి మధ్యలోకి ఇచ్చే 0.05 మిల్లీలీటర్ల ఇంజెక్షన్లకి ఇది అస్సలు అక్కర్లేదు.

తయారు చేసేవాళ్లని ఒకటే అడుగుతాను. లోతు దాటితే హెచ్చరిక లైటు పెన్ను మీద వెలుగుతోంది, నా కళ్లేమో మైక్రోస్కోప్‌లో ఉన్నాయి. దాని బదులు శబ్దం పెట్టండి.