జిగురు స్టీరింగ్ మీద ఇంటీరియర్ క్లీనర్ వాడి చూశాను
ఎండలో నిలబెట్టిన కారెక్కితే చాలు, స్టీరింగ్ చేతికి బంకలా అంటుకునేది. మొదట డాష్‌బోర్డ్ పాలిష్ రుద్దాను. తెలివితక్కువ పని, మలుపులో చెయ్యి జారింది!

ఈసారి ఆల్కహాల్ లేని ఇంటీరియర్ క్లీనర్ తెచ్చాను. కారు నీడలో చల్లబడ్డాక మైక్రోఫైబర్ గుడ్డ మీద కొట్టి తుడిచాను. నేరుగా స్టీరింగ్ మీదే కొడితే హారన్, బటన్ల సందుల్లోకి దిగుతుంది. గుడ్డ మసిగుడ్డలా తయారైంది. అదంతా నా చెమట, నా హ్యాండ్ క్రీమూనా? సిగ్గేసింది. కుట్ల దగ్గర మెత్తటి బ్రష్ తప్పలేదు. చివర్లో తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ.

ఇప్పుడు పట్టు బాగుంది. మెరుపు లేదు, నాకు కావాల్సిందీ అదే. వాసన మాత్రం ఘాటు. ఎడమచెయ్యి ఆనేచోట కాస్త జిగురు మిగిలింది; అక్కడ పైపూతే పాడైంది, క్లీనర్ తప్పు కాదు. దానికి కవర్ వేయిస్తాను.