సెకండ్ హ్యాండ్ బైక్ చూడ్డానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందా? జాగ్రత్త

చిన్న ఇంజిన్ ఉన్న పాత బైక్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నాకు బండి అమ్మిన మనిషి ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఆయన వాడిన పద్ధతి మాత్రం తెలుసుకోవాలి.

నేను వెళ్లేసరికి బండి గేటు బయటే ఉంది. "ఇప్పుడే చిన్న పని చూసుకుని వచ్చా" అన్నాడు. సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్ అయింది, ఐడ్లింగ్‌లో మెత్తగా ఆడింది. ఓ చిన్న రౌండ్ వేసి వచ్చాను, ఎక్కడా తేడా శబ్దం లేదు. కాగితాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. తీసుకున్నాను.

ఆయిల్ మార్పించిన రోజు అసలు సంగతి బయటపడింది. డ్రెయిన్ బోల్టు విప్పితే వేడి మీదున్న ఇంజిన్ ఆయిల్ గబగబా కారిపోవాలి. ఇది జిగురుగా, సాగుతూ దిగింది. మెకానిక్ రెండు వేళ్ల మధ్య రుద్ది, "ఇందులో గేర్ ఆయిల్ కలిపినట్టున్నారు సార్" అన్నాడు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోశాక, ఇంజిన్ బాగా వేడెక్కగానే లోపల్నుంచి టక్ టక్ మని మొద్దు శబ్దం మొదలైంది. కొత్త ఆయిల్ తెచ్చిన రోగం కాదది. అప్పటిదాకా చిక్కటి ఆయిల్ దాన్ని కప్పి పెట్టింది, అంతే.

ఇక్కడ అమ్మినాయన తెలివి చూడండి. వాల్వ్‌లని ఆడించే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ సాగినా, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ సరిగ్గా పనిచేయకపోయినా గలగల శబ్దం ఎక్కువగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే వస్తుంది. పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరు, అరిగి పిస్టన్ కొట్టుకునే శబ్దం కూడా అంతే, వేడెక్కి పిస్టన్ వ్యాకోచించాక తగ్గిపోతుంది. పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయిల్ వేడికి పలచబడేకొద్దీ టకటక పెరుగుతుంది. అంటే ముందే వేడి చేసి పెడితే మొదటి రెండూ వినబడవు, చిక్కటి ఆయిల్ పోస్తే మూడోది వినబడదు. మనం వేసే చిన్న ట్రయల్ రౌండ్‌లో ఈ మూడూ దొరకవు.

అందుకే బండి రాత్రంతా ఆగి ఉండేలా ముందే మాట్లాడుకుని, పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే ఇంజిన్ పక్కన చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మొహమాటం లేకుండా "రేపు వస్తా" అని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేయండి, ఆయన్ని చేయనివ్వకండి. అప్పుడు వినాల్సింది విన్నాక, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. ఎత్తు ఎక్కించండి, వీలైతే వెనకాల మనిషిని కూర్చోబెట్టుకోండి. సైలెన్సర్ మార్చి పెద్ద శబ్దం వచ్చేది పెట్టి ఉంటే అది ఇంకో అనుమానం. ఆ మోతలో ఇంజిన్ శబ్దం ఏదీ తేలదు.

శబ్దం వినబడిందని అడిగితే ప్రతి ఒక్కరూ చెప్పే సమాధానం ఒకటే: "టాపెట్స్ అండీ, టైట్ చేయిస్తే పోతుంది." టాపెట్లంటే వాల్వ్‌లని తెరిచే భాగాల మధ్య గ్యాప్ సరిచేసే స్క్రూలు. నాకూ మొదటి మెకానిక్ అదే చెప్పి టాపెట్లు బిగించాడు, శబ్దం వీసమెత్తు తగ్గలేదు. తర్వాత టైమింగ్ చైన్ మార్చాడు, అదీ దండగే. టాపెట్ శబ్దం ఇంజిన్ పైభాగంలో, హెడ్ దగ్గర సన్నగా టిక్ టిక్ మంటుంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండుసార్లు తిరిగితే వాల్వ్‌లని తెరిచే క్యామ్ ఒక్కసారే తిరుగుతుంది కాబట్టి టాపెట్ లయ నిదానంగా ఉంటుంది, బండి మీద బరువు పెరిగినా పెద్దగా మారదు. రాడ్ శబ్దం కింద క్రాంక్ ఉండే పెట్టె, అంటే క్రాంక్‌కేస్ నుంచి వస్తుంది, బరువుగా ఉంటుంది, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు, వదిలినప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అన్నట్టు, శబ్దం పోవాలని టాపెట్లు మరీ బిగించిన బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వాల్వ్ కాలిపోతుంది. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మొరాయించే బండిని ఈ కోణంలో కూడా అనుమానించండి.

నా బండి సంగతి తేల్చింది రెండో మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టు. హెడ్ మీద, బోరు మీద, చివరికి క్రాంక్‌కేస్ మీద. అక్కడ నన్నూ వినమన్నాడు. బయట మామూలుగా వినబడే టక్ టక్ అక్కడ చెవిలో సుత్తి దెబ్బలా పడింది. క్లచ్ నొక్కి చూశాడు, మార్పు లేదు. నొక్కితే శబ్దం తగ్గే బండ్లలో ముందు చూడాల్సింది క్లచ్‌నే. సైలెన్సర్ పైపు హెడ్‌కి కలిసే చోట నల్లటి మసి ఉందేమో చూశాడు. అక్కడ గ్యాస్ లీకైతే అచ్చం టాపెట్ లాగే టిక్కుమంటుంది. కొత్తగా పోసిన ఆయిల్ మళ్లీ దింపి అందులో అయస్కాంతం తిప్పితే, సన్నటి మెరుపు పొడి దానికి అంటుకుని వచ్చింది. క్లచ్, గేర్ల నుంచి కొద్దిగా పొడి రావడం మామూలేనట. ఇది చాలా ఎక్కువగా వచ్చింది, వేళ్ల మధ్య గరగరలాడింది. బోరు ఎత్తి రాడ్‌ని పట్టుకుని పైకీ కిందకీ లాగితే చేతికి ఆట తెలిసింది. పక్కలకి కొద్దిగా కదలొచ్చు కానీ పైకీ కిందకీ అస్సలు ఉండకూడదు. ఇలాంటి చిన్న ఇంజిన్లలో రాడ్ సాధారణంగా క్రాంక్‌లోకి ప్రెస్ చేసి ఉంటుంది, మార్చాలంటే ఇంజిన్ దింపి కేసు రెండుగా విడదీయాల్సిందే. ఖర్చు మీరే ఊహించుకోండి.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీరే నడిపి చూసి తీసుకున్నారు కదా" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ప్రతి శబ్దమూ ఇంజిన్‌దే కాదు, అది కూడా చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్ చేసి, కిల్ స్విచ్‌తో ఇంజిన్ ఆపి బండిని నెమ్మదిగా దొర్లనివ్వండి. తాళం చెవి మాత్రం ముట్టుకోకండి, హ్యాండిల్ లాక్ పడితే ప్రమాదం. అప్పుడూ శబ్దం వస్తుంటే చైన్, స్ప్రాకెట్, వీల్ బేరింగులు, బ్రేకులు చూడాలి. వీటి రిపేర్ ఇంజిన్ పని కంటే చాలా తేలిక, ఆ మేరకు బేరం ఆడి తీసుకోవచ్చు.

ఇప్పటికే కొనేసి, వేడెక్కాక కింద నుంచి మొద్దుగా టక్ టక్ వినబడుతున్నవాళ్లు ముందు బండి ఆపి, చల్లారాక ఆయిల్ లెవెల్ చూడండి. ఆయిల్ తక్కువైనా శబ్దాలు వస్తాయి. లెవెల్ సరిగ్గా ఉండి శబ్దం ఇంకా వస్తుంటే మెకానిక్ దగ్గరికి కూడా నడుపుకుంటూ పోకండి, ఏ ట్రాలీలోనో వేసి తీసుకెళ్లండి. దారిలో రాడ్ విరిగితే క్రాంక్‌కేస్ పగులుతుంది. నడుస్తుండగా ఇంజిన్ పట్టేస్తే వెనక చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది.