పేస్ చూపించే వాచీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఈ రన్నింగ్ వాచీలో నాకు ప్రాణమైన ఫీచర్ ఒక్కటే. రేసులో కిలోమీటరు బోర్డు దగ్గర ల్యాప్ బటన్ నొక్కితే, అప్పుడే అయిపోయిన కిలోమీటరుకి ఎంత సేపు పట్టిందో తెర నిండా పెద్ద అంకెల్లో వేస్తుంది. 6:24, 6:31, 6:20. బోర్డుకీ బోర్డుకీ మధ్య సరిగ్గా కిలోమీటరే ఉంటుంది కాబట్టి ఆ టైమే నా పేస్, అంటే కిలోమీటరుకి పట్టే నిమిషాలూ సెకన్లూ. దానికి జీపీఎస్‌తో పని లేదు, లెక్కతోనూ పని లేదు. బ్యాటరీ, గుండె వేగం, నిద్ర లెక్కల గురించి ఇప్పటికే బోలెడు మంది రాశారు. వాటి జోలికి నేను పోను.

కొన్న కొత్తలో ఇదే వాచీకి రాసిన సమీక్షలో నేను వేరే ఫీచర్‌ని మెచ్చుకున్నాను. అడుగు వేగం మారగానే తెర మీద పేస్ కూడా మారిపోతోందని, చేతికి కట్టుకున్న కోచ్‌లా ఉందని రాశాను. అప్పట్లో నేను పరిగెత్తింది బెంగళూరులో వర్తూరు వైపు, పైన ఆకాశం బాగా కనబడే రోడ్ల మీద. తర్వాత ఆదివారాలు కబ్బన్ పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ మెప్పు కాస్త తగ్గింది. అక్కడ పెద్ద పెద్ద చెట్ల కింద ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గా అందదు. ఒకే ఊపులో పరిగెడుతున్నా అంకె 6:10 అంటుంది, రెండు అంగల్లో 6:50 అంటుంది. అవుటర్ రింగ్ రోడ్డులో అద్దాల బిల్డింగుల మధ్య కూడా ఇదే వరస, సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది.

ఇంకో సంగతి ఉంది. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లం దీన్ని తెలుసుకోవాలి. పేస్, వేగం ఒకదానికొకటి తిరగేసిన లెక్కలు. గంటకు ఎన్ని కిలోమీటర్లో ఆ అంకెతో 60ని భాగిస్తే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో వస్తుంది. గంటకు 12 అయితే 5:00, 10 అయితే 6:00, 8 అయితే 7:30. ఈ తిరగేయడంలోనే ఉంది తిరకాసు. చెట్ల కింద వాచీ గంటకు అర కిలోమీటరు తక్కువ చదివిందనుకోండి. 12తో వెళ్లేవాళ్ల పేస్ 5:00 నుంచి 5:13కి మారుతుంది. 8తో వెళ్లేవాళ్లది 7:30 నుంచి ఏకంగా 8:00కి పోతుంది. తప్పు ఇద్దరికీ అంతే, కానీ ఒకరి తెర మీద అది 13 సెకన్లు, ఇంకొకరి తెర మీద 30. నడకలోకి దిగితే మరీ ఘోరం. 5 బదులు 4.5 అని చదివితే 12:00 కాస్తా 13:20 అయి కూర్చుంటుంది. మా గ్రూపులో వేగంగా పరిగెత్తే కుర్రాళ్లు "మా వాచీలు నిలకడగానే ఉన్నాయి, మీదే ఎగిరి పడుతోంది" అంటుంటారు. వాచీల్లో తేడా ఉండనక్కర్లేదు. నెమ్మదిగా వెళ్లేవాళ్ల తెర మీద అదే తప్పు పెద్దదిగా కనబడుతుంది, అంతే.

అందుకే ఇప్పుడు అప్పటికప్పుడు మారే పేస్‌ని చూడటం దాదాపు మానేశాను. ల్యాప్ పేస్ ఒక్కటే చూస్తాను. కిలోమీటరు మొత్తానికి సగటు కాబట్టి చిన్న చిన్న కుదుపులు అందులో కలిసిపోతాయి.

ఇక నాకు ఈ వాచీ మీద కోపం తెప్పించిన సంఘటన. ఇక్కడే బెంగళూరులో ఓ హాఫ్ మారథాన్. రెండు గంటల పదిహేను నిమిషాల్లో పూర్తి చేయాలని నెలల తరబడి సాధన చేశాను. 21.0975 కిలోమీటర్లకి 2:15 అంటే కిలోమీటరుకి 6:24. ఈ పేస్‌లో నాకు నచ్చింది దాని ఎక్కం. 5 కిలోమీటర్లకి 32 నిమిషాలు, 10కి 64, 15కి 96, 20కి 128. మిగిలిన కిలోమీటరు చిల్లరకి ఏడు నిమిషాలు. పరిగెడుతూ పరిగెడుతూ నోటికి చెప్పుకోవచ్చు. వాచీలో ఇందుకోసం ఓ తెర సిద్ధం చేసుకున్నాను. పైన ల్యాప్ పేస్, కింద మొత్తం టైము, ఇంకేమీ లేదు.

రేసుకి ముందు రాత్రి వాచీని చార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే స్టార్టింగ్ లైన్ దగ్గర నిలబడి, రన్ మొదలుపెట్టే బటన్ నొక్కితే, నా తెర లేదు. దాని స్థానంలో కంపెనీ వాళ్ల తెర వచ్చింది. పైన సగటు వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లని, పక్కన కేలరీలు, కింద టైము. రాత్రి దానంతటదే అప్‌డేట్ అయిపోయి, నేను పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచిపెట్టేసింది. కిలోమీటరుకి నిమిషాలు చూపించే తెర తిరిగి పెట్టాలంటే ఫోన్‌లో యాప్ తెరవాలి. ఫోన్ బ్యాగేజ్ కౌంటర్లో ఉంది. వాచీలోనే మార్చుకునే దారి లేదు. ల్యాప్ బటన్ నొక్కితే అది కూడా తెర మారడానికే పనిచేస్తోంది. అసలు రన్నింగ్ కోసం అమ్మే వాచీలో ఇలా ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చుట్టూ జనం, మైకులో కౌంట్‌డౌన్, నాకేమో టెన్షన్.

సరే, 6:24 అంటే గంటకు దాదాపు 9.4 కదా, అదే చూసుకుంటూ పోదామని బయల్దేరాను. సరిగ్గా 2:15కి చేరేలా జెండా పట్టుకుని ముందు పరిగెత్తే పేసర్ ఒకరు ఉంటారు, ఆ జెండా మొదటి మలుపులోనే జనంలో కలిసిపోయి కనబడకుండా పోయింది. మొదటి ఐదారు కిలోమీటర్లూ తెర మీద 9.4 కదలకుండా ఉంది. 10వ కిలోమీటరు బోర్డు దగ్గర కూడా 9.4 అనే ఉంది. కింద టైము చూస్తే 1:04:40. నా ఎక్కం ప్రకారం 1:04:00 ఉండాలి. తెరేమో అంతా బాగుందంటోంది, బోర్డేమో 40 సెకన్లు వెనకబడ్డావంటోంది.

ఇంటికి వచ్చాక తీరిగ్గా లెక్క వేస్తే రెండు కారణాలు తేలాయి. ఒకటి, వేగాన్ని ఒక్క దశాంశంతో చూపిస్తే అందులో చాలా దాక్కుంటుంది. 9.35 నుంచి 9.45 దాకా ఏదైనా 9.4గానే కనబడుతుంది. హాఫ్ మారథాన్‌లో ఆ రెండు కొసల మధ్య తేడా 2:15:23కీ 2:13:57కీ ఉన్నంత. అంటే నిమిషంన్నర దాకా. ఆ నిమిషంన్నర కోసమే కదా మనం నెలలు నెలలు కష్టపడేది! గంటకు 8 కిలోమీటర్ల దగ్గర 0.1 తేడా అంటే కిలోమీటరుకి 5 సెకన్ల పైమాటే. 12 దగ్గర రెండున్నర సెకన్లే. ఇక్కడ కూడా నెమ్మదిగా వెళ్లేవాళ్లకే నష్టం.

రెండో కారణం వాచీ కొలిచిన దూరం. ప్రమాణాల ప్రకారం కొలిచే రేసు దారిని మలుపుల్లో అతి దగ్గర గీత పట్టుకుని, సైకిల్‌కి కౌంటర్ బిగించి కొలుస్తారు. తక్కువ పడకుండా వెయ్యికి ఒక వంతు అదనంగా కూడా కలుపుతారు. మనం ఆ గీత మీద పరిగెత్తం. జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల టేబుల్ వైపు వంగుతూ పోతాం. దానికి జీపీఎస్ వంకరలు తోడు. బోర్డు 10 అనే చోట నా వాచీ 10.1 అంటోంది. న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజు తెర మీద సగటు పేస్ ఉన్నా 6:24 అనే చూపించేది, నన్ను అదే విధంగా నమ్మించేది. కాబట్టి నా కోపం గంటకు కిలోమీటర్ల మీద కాదు. బోర్డు దగ్గర ల్యాప్ నొక్కే వీలు పోగొట్టినందుకు. అది ఉండి ఉంటే రెండో కిలోమీటరుకే 6:28 అని తెలిసిపోయేది.

ఆ తర్వాత వేగాన్ని వదిలేసి, టైము ఒక్కటే చూసుకుంటూ, ఎక్కం చెప్పుకుంటూ పరిగెత్తాను. చివరికి 2:15:20. కస్టమర్ కేర్‌కి జరిగిందంతా వివరంగా రాస్తే, వాచీ ఆపి మళ్లీ ఆన్ చేయమని, బిల్లు కాపీ పంపమని జవాబు వచ్చింది. నా ప్రశ్న సెట్టింగులు ఎందుకు పోయాయని. దానికి ఇప్పటికీ సమాధానం లేదు.

ఇంత కోపంగా ఉన్నవాణ్ని కాస్త మెత్తబరిచింది మా బావగారు. గుంటూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో మా ఇంట్లో కొన్నాళ్లు ఉన్నారు. రోజూ అరగంట వ్యాయామం చేయమని డాక్టర్ చెప్పారట. అపార్ట్‌మెంట్ చుట్టూ మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక మొదలుపెట్టారు. నా వాచీ ఇచ్చాను, అప్పటికి పేస్ తెర తిరిగి పెట్టేశాను. రెండో రోజే తిరిగిచ్చేశారు.

"ఏమోయ్, నడిచినప్పుడల్లా ఇది పన్నెండు, పద్నాలుగు అంటుంది. ఆగితే గీతలు పెడుతుంది. పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా?"

"తగ్గితేనే మంచిది బావగారూ. కిలోమీటరుకి పట్టే నిమిషాలు కదా."

"అట్లా తలకిందులుగా నాకొద్దు. గంటకెంతో చూపించు చాలు."

అలాగే మార్చి ఇచ్చాను. ఆయన పద్ధతికి అదే సరిగ్గా సరిపోయింది. పరుగు గంటకు 8, నడక 5 అనుకుంటే, మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు, ఒక ఐదు కలిపితే ఇరవైతొమ్మిది, నాలుగుతో భాగిస్తే 7.25. సగటు వేగం అదే, అరగంటకి మూడున్నర కిలోమీటర్ల పైన. ఇదే సగటుని పేస్‌లో తీస్తే, 7:30 మూడుసార్లు, 12:00 ఒకసారి, భాగిస్తే 8:37 వస్తుంది. అది తప్పు. అసలు పేస్ 8:17 లోపే. ఆయనకి టైము ముందే ఖాయం, ఎంత దూరం పోతారన్నదే తేలాలి. అలాంటప్పుడు వేగాలని కలిపి సగటు తీస్తే సరిపోతుంది. నాకు దూరం ఖాయం, ఎప్పుడు చేరతానన్నదే తేలాలి. అప్పుడు పేస్‌లని కలుపుకుంటూ పోవచ్చు. ఒక కిలోమీటరు ఎగువలో 7:00, ఇంకోటి దిగువలో 6:00 అయితే సగటు 6:30, ఏ తిరకాసూ లేదు. ఇన్నాళ్లూ గంటకు కిలోమీటర్ల తెర ఎవరి కోసం పెట్టారో అనుకునేవాణ్ని. ఆయన్ని చూశాక తెలిసింది.

ఒకరోజు మాటల్లో కెల్విన్ కిప్టమ్ సంగతి వచ్చింది. 2023లో షికాగో మారథాన్‌ని 2:00:35లో పూర్తి చేసి ప్రపంచ రికార్డు పెట్టాడు, కిలోమీటరుకి 2:51 చొప్పున అన్నాను. బావగారు ఊ కొట్టారు. అంటే గంటకు 21 కిలోమీటర్లు అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "రెండు గంటలూ అదే స్పీడా!"

ట్రెడ్‌మిల్ వాడేవాళ్లకి ఒక మాట. మా జిమ్‌లో మిషన్ గంటకు కిలోమీటర్లే చూపిస్తుంది. అక్కడ వాచీ నమ్మకంగా ఉండదు. జీపీఎస్ లేక చేయి ఊపుని బట్టి అంచనా వేస్తుంది, కడ్డీ పట్టుకుంటే అదీ పోతుంది. కొన్ని అంకెలు గుర్తుంటే చాలు. 8 అంటే 7:30, 9 అంటే 6:40, 10 అంటే 6:00, 11 అంటే 5:27, 12 అంటే 5:00. 8 నుంచి 9కి వెళ్తే 50 సెకన్లు తగ్గుతాయి, 11 నుంచి 12కి వెళ్తే 27. అందుకే కొత్తవాళ్లు కాస్త వేగం పెంచగానే పేస్ గబగబా తగ్గి మహా ఉత్సాహం వస్తుంది, పోనుపోను ఆ తగ్గుదల సన్నగిల్లుతుంది. కష్టం తగ్గినట్టు కాదు, శరీరం మొండికేసినట్టూ కాదు. ఆ లెక్క స్వభావమే అంత.

ఇంతకీ కొనొచ్చా అంటే, రేసుల్లో దిగి, టార్గెట్ టైము పెట్టుకుని పరిగెత్తేవాళ్లయితే, ల్యాప్ బటన్ కోసం నేను ఇదే మళ్లీ కొంటాను. కానీ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆఫ్ చేసే వీలుందో లేదో ముందే చూసుకోండి. నేను ఇప్పుడు అది ఆఫ్ చేసే ఉంచుతున్నాను. చెన్నైలో మెరీనా పక్కన పరిగెత్తే మా కజిన్ తన వాచీలో అప్పటికప్పుడు మారే పేస్ కూడా బాగానే ఉంటుందంటాడు. ఒక పక్కంతా సముద్రం, తల మీద చెట్ల గొడవ లేదు, అక్కడ నిజమే అయ్యుండొచ్చు. ఆరోగ్యం కోసం రోజూ అరగంట పరుగూ నడకా కలిపి చేసేవాళ్లకి మాత్రం ఇంత ఖరీదైన వాచీ అవసరమా అని నాకు అనుమానమే. బావగారు గుంటూరు వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఓ ఉచిత యాప్ వేసి, గంటకు కిలోమీటర్లు పెట్టి పంపాను. దానితోనే చేస్తున్నారు.