సీల్ ప్యాక్ డబ్బాలో పాత లాప్‌టాప్ డిస్క్: హన్మకొండ, వరంగల్‌లో హార్డ్ డిస్క్ కొనేవాళ్లు జాగ్రత్త

బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనాలనుకునేవాళ్లు షాపుకు పోయే ముందు ఇది చదవండి. పాత లాప్‌టాప్‌ల నుంచి తీసిన డిస్కులను కొత్త డబ్బాలో పెట్టి, ‘కొత్తది, సీల్ ప్యాక్’ అని అమ్ముతున్నారు. నాకూ ఒకటి అంటగట్టారు. షాపు పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క షాపు మానేసి, అదే సరుకు పక్క షాపులో కొంటారు. సరుకును గుర్తుపట్టడం వస్తే ఏ షాపుకైనా ధైర్యంగా పోవచ్చు.

మాది డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ పని. పెండ్లి పత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, సర్పంచ్ ఎన్నికల కరపత్రాలు, బతుకమ్మకు, మేడారం జాతరకు స్వాగత ఫ్లెక్సీలు, ఇలా ఏళ్ల తరబడి పోగైన కోరల్‌డ్రా ఫైళ్లు, ఫొటోషాప్ ఫైళ్లు ఉన్నాయి. అను ఫాంట్‌లో కొట్టిన పాత మ్యాటర్ మళ్లీ కొట్టాలంటే ఎంత చాకిరో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. గిరాకీ వచ్చి ‘అన్నా, మా అక్క పెండ్లి పత్రిక మీరే చేసిన్రు, అదే డిజైన్‌ల పేర్లు మార్చి ఇయ్యరాదే’ అంటే ఐదు నిమిషాల్లో ఇవ్వగలిగేది పాత ఫైలు ఉండబట్టే. సిస్టమ్‌లో జాగా నిండితే పాతవన్నీ బయట డిస్కులోకి మార్చేస్తాం. అందుకే కొన్నాను.

పేరున్న కంపెనీల 1 టీబీ అప్పుడు ఐదు వేలకు పైనే ఉంది. ఈ షాపులో మూడు వేల చిల్లరకు ఇస్తామన్నారు. ‘కంపెనీదే అన్నా, బ్రాండ్ పేరు లేక సస్తా’ అన్నాడు కౌంటర్ మీది పిల్లగాడు. నల్ల డబ్బా, దాని మీద పెద్ద అక్షరాలతో ‘1 టీబీ, యూఎస్‌బీ 3.0, హై స్పీడ్’, పైన ప్లాస్టిక్ కవర్ సీలు. డబ్బాను నాలుగు దిక్కులా తిప్పి చూసినా తయారుచేసినవాడి పేరు గానీ, దిగుమతి చేసినవాడి అడ్రసు గానీ, నెల, సంవత్సరం గానీ లేవు. ప్యాక్ చేసి అమ్మే ఏ వస్తువు మీదైనా ఇవి ఎంఆర్‌పీతో పాటు ఉండాలన్నది చట్టం. బిస్కెట్ పుడా మీద ఉండేవి హార్డ్ డిస్క్ డబ్బా మీద లేవు. బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని అచ్చేసిన చీటీ మీద రాసిచ్చారు. దాని మీద సీరియల్ నంబర్ లేదు.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత కొన్ని ఫోల్డర్లు తెరిస్తే పచ్చ గీత మెల్లగా పాకుతూ సగంలో ఆగిపోవడం మొదలైంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్, టిక్ మని ఒకే లయలో శబ్దం. కేబుల్ మార్చినా, వేరే సిస్టమ్‌కు పెట్టినా అంతే. ఆఖరికి విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగింది. ఈ మెసేజ్ వచ్చినప్పుడు ఎవరూ ఫార్మాట్ నొక్కకండి.

తెలిసిన మెకానిక్ దగ్గర కేసింగ్ విప్పించాం. చిన్న స్క్రూలు తీయగానే మూత ఊడి వచ్చింది. లోపల డిస్క్ కదలకుండా స్పాంజి ముక్క పెట్టి ఉంది. డిస్క్ మాత్రం పేరున్న కంపెనీదే. కానీ లేబుల్ మీద తయారీ సంవత్సరం 2015. పక్కనే ఒక లాప్‌టాప్ కంపెనీ పార్ట్ నంబర్ స్టిక్కర్, సగం గీకేసి ఉంది. సీరియల్ నంబర్‌ను ఆ డిస్క్ కంపెనీ వారంటీ సైట్‌లో కొట్టి చూస్తే, ఇది లాప్‌టాప్ తయారీదారుకు విడిభాగంగా అమ్మినది, విడిగా వారంటీ ఉండదు అని వచ్చింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ ఇప్పటిదాకా ఆన్‌లో ఉన్న మొత్తం గంటలు, పద్నాలుగు వేలు దాటింది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కేస్తే దాదాపు ఐదేళ్ల చాకిరీ చేసిన డిస్క్ అది.

నా ఫైళ్ల కోసం రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపిస్తే బయటపడింది అసలు సంగతి. నా ఫైళ్లు కొన్నే వచ్చాయి, ఎవరివో వందల కొద్దీ ఫొటోలు వాటితో పాటు వచ్చాయి. ఎవరో బాబు పుట్టినరోజు కేకు, ఇంజినీరింగ్ సెమిస్టర్ మార్కుల మెమో, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం స్కాన్. ‘సీల్ ప్యాక్ కొత్త’ డిస్కులో! అవన్నీ తుడిచేశాను. కానీ ఆ ఇంటివాళ్లకు తమ కాగితం ఊరు తిరుగుతోందని తెలిసే అవకాశమే లేదు.

ఈ సరుకు ఎక్కడిదో ఆలోచిస్తే తెలిసిపోతుంది. లాప్‌టాప్ స్లో అయిందంటే ఇప్పుడు అందరూ చేసే పని ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద వేగంగా నడిచే డిస్క్) వేయించుకోవడం. విప్పిన పాత డిస్క్‌ను చాలామంది ‘ఇంకేం పనికొస్తది’ అని షాపులోనే వదిలేసి వస్తారు. అవి గుత్తగా చేతులు మారి, చవక కేసింగులో దూరి, మళ్లీ కౌంటర్ మీదికి వస్తాయి. మీరు కూడా ఎస్ఎస్‌డీ వేయించుకుంటే పాత డిస్క్ అడిగి తెచ్చుకోండి. డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా లోపలి డేటా చాలావరకు అక్కడే ఉంటుంది.

వాడిన డిస్క్‌ను వాడినదని చెప్పి, తక్కువ రేటుకు అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. సినిమాలు వేసుకోవడానికి పనికొస్తుంది. కొత్తదని అమ్మడమే మోసం. ఇది మన దగ్గరి చిల్లర వ్యాపారం మాత్రమే అనుకోకండి. 2025 మొదట్లో జర్మనీలో పెద్ద గొడవైంది. సీగేట్ కంపెనీ పెద్ద సర్వర్ డిస్కులను కొత్తవని కొన్నవాళ్లకు, అవి అప్పటికే వేల గంటలు తిరిగినవని తేలింది. అమ్మినవాళ్లు గంటల లెక్కను సున్నాకు తిప్పేశారు. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో, అంటే డిజిటల్ కరెన్సీ సంపాదించడానికి డిస్కులను రాత్రీ పగలూ నడిపే పనిలో, నలిగినవై ఉంటాయని అనుమానించారు. ఆ సరుకును తాము అమ్మలేదని సీగేట్ చెప్పింది. ఆ డిస్కుల్లోనే ఉండే ‘ఫార్మ్’ అనే మరో లాగ్‌లో అసలు గంటలు దొరకబట్టి గుట్టు రట్టయింది. కాబట్టి గంటలు సున్నా చూపిస్తే చాలు, కొత్తదే అనుకోవడానికి లేదు. సీరియల్ నంబర్, వారంటీ, తయారీ తేదీ మూడూ పొంతన కుదరాలి.

మరి కొనేటప్పుడు ఏం చేయాలి? ప్రపంచంలో ఇప్పుడు హార్డ్ డిస్కులు తయారుచేసేవి మూడే కంపెనీలు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. డబ్బా మీద వేరే ఏ పేరున్నా లోపల నిజంగా హార్డ్ డిస్క్ ఉంటే అది దాదాపుగా వీటిలో ఒకటే, కొత్తదో పాతదో అన్నదే ప్రశ్న. ఈ మూడింటిలో ఏది మంచిది అని కొట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, ఇంటి బ్యాకప్‌కు ఆ వాదన దండగ అని నా అభిప్రాయం. కంపెనీ సొంత డబ్బాలో వచ్చే మామూలు మోడల్ ఏదైనా చాలు. డబ్బులు ఇచ్చే ముందు డబ్బా మీది సీరియల్ నంబర్‌ను మీ ఫోన్‌లోనే కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. భారత్‌లో వారంటీ ఎప్పటివరకు ఉందో రావాలి. వేరే దేశం కోసం తెచ్చిన సరుకైతే అక్కడే దొరికిపోతుంది. జీఎస్టీ బిల్లు మీద అదే నంబర్ రాయించుకోండి.

తర్వాత లాప్‌టాప్ తీసుకుపోండి, లేదా షాపు సిస్టమ్‌లోనే పెట్టి చూపించమనండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పైన కుడి వైపు గంటలు, ఎన్నిసార్లు ఆన్ అయిందో కనిపిస్తాయి. కొత్తదానికి గంటలు సున్నా, లేదా ఒకటీ రెండు. కింద పట్టికలో 05, సీ5 (C5) అనే వరుసలు చూడాలి. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు), చెడిపోబోతున్నవి అక్కడ తెలుస్తాయి. రెండూ సున్నా ఉండాలి. అక్కడి అంకెలు మామూలు పద్ధతిలో కాకుండా హెక్సాడెసిమల్‌లో ఉంటాయి కాబట్టి అక్షరాలు కలిసి కనిపిస్తే కంగారు పడకండి, సెట్టింగ్‌లో మార్చుకోవచ్చు. ‘సీల్ తీస్తే వాపసు తీసుకోం’ అంటారు. డబ్బులు ముందే ఇస్తాం, మీ ముందే తీస్తాం, చెడితే మార్చి ఇవ్వండి అనండి. దానికీ ఒప్పుకోకపోతే వేరే షాపు చూసుకోవడమే.

ఒక్కటి మాత్రం షాపువాళ్ల తప్పు కాదు. కంపెనీవే అయినా ఈ చేతిలో పట్టే డిస్కుల్లో చాలావరకు ఎస్ఎంఆర్ పద్ధతివి. డేటా రాసే గీతలను (ట్రాకులను) ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి. ఒకేసారి వందల జీబీ కాపీ పెడితే మొదట ఉరికి, తర్వాత స్పీడ్ బాగా పడిపోతుంది. బ్యాకప్‌కు అది పెద్ద ఇబ్బంది కాదు, రాత్రి పెట్టి పడుకోండి. అలాగే 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తే ఎవరూ కోసుకోలేదు, లెక్కపెట్టే పద్ధతి తేడా అంతే.

ఫోన్‌లో వచ్చే ‘16 టీబీ, పదిహేను వందలే’ ప్రకటనలు ఇంతకంటే ఘోరం. జేబులో పట్టే హార్డ్ డిస్కుల్లో ఇప్పటికి పెద్దది 6 టీబీ, అదీ 2024లోనే వచ్చింది. మరి ఆ 16 టీబీ డబ్బాలో ఏముంటుంది? చిన్న మెమరీ కార్డు, అబద్ధం చెప్పే ఒక చిప్. నిండాక కొత్త ఫైలు పాత ఫైలు మీదే రాసుకుపోతుంది, ఫైల్ పేర్లు మాత్రం అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. పరకాలలో మా బంధువు ఒకరు ఇది కొని, పిల్లల ఫొటోలన్నీ దాంట్లోకి మార్చి ఫోన్‌లో తుడిచేశారు. అలాంటిది చేతికొస్తే ఖాళీగా ఉన్నప్పుడే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి చూడండి. రాసింది తిరిగి చదివి అసలు జాగా ఎంతో చెప్పేస్తుంది. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు అదే పని చేసే ఎఫ్3 (F3) ఉంది.

వీలైతే ఒక 2 టీబీ కన్నా రెండు 1 టీబీలు కొని, ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో పెట్టండి. 2023 జూలై వానలకు, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు మన దగ్గర లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూశాం. రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. డిస్క్ చెడితే వారంటీ మీద మార్చి ఇస్తారు, ఫైళ్లు ఇవ్వరు.

నా విషయానికొస్తే, షాపుకు పోతే ‘సీల్ తీసినంక మా జిమ్మేదారి లేదన్నా’ అన్నారు. గట్టిగా అడిగితే అదే రకం ఇంకో పీస్ ఇచ్చారు. అక్కడే పెట్టి చూపిస్తే దానికీ వేల గంటలు. 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్, వాళ్ల ముందే డయల్ చేయబోతే డబ్బులు తిరిగి చేతిలో పెట్టారు. ఎస్టిమేట్ చీటీ మాత్రం గుంజుకోబోయారు, ఇవ్వలేదు. హైదరాబాద్ రికవరీ ల్యాబ్‌వాళ్లు చెప్పిన రేటుకు కొత్త డిస్కులు నాలుగు వస్తాయి, కాబట్టి మిగతా ఫైళ్లు వదులుకున్నాను. పాత గిరాకీలు వాట్సాప్‌లో తమ దగ్గరున్న పత్రికల ఫొటోలు పంపుతుంటే వాటిని చూసి మళ్లీ కొడుతున్నాం.

తయారీదారు పేరు లేని ఇలాంటి డబ్బా మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే, ముందు అందులోని ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. గంటలు, సెక్టార్లు చూడటం ఆ తర్వాతే. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ లాంటి నింపి చూసే టెస్టులు ఫైళ్లున్న డిస్క్ మీద అసలు నడపొద్దు. టిక్ టిక్ శబ్దం అప్పటికే వస్తుంటే మాటిమాటికీ ఆన్ చేయకుండా, ముఖ్యమైన ఫోల్డర్లు ఏవో ముందే కాగితం మీద రాసుకొని, మొదట వాటినే తీయండి.