సైడింగ్ మార్పిస్తున్నారా? గోడ విప్పాక పెరిగే బిల్లుతో జాగ్రత్త

అమెరికాలో ఇంటి సైడింగ్ (బయటి గోడలకి తొడిగే పలకలు) మార్పించడానికి కాంట్రాక్టర్ల దగ్గర కోట్‌లు (ధర అంచనాలు) తీసుకుంటున్నవాళ్లు సంతకం పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. ఈ పనిలో దెబ్బతిన్నవాళ్ల అనుభవం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మూడు కోట్‌లు వస్తాయి, తక్కువదానికి ఒప్పుకుంటారు, అడ్వాన్స్ కట్టేస్తారు. పని మొదలైన రెండో రోజు మధ్యాహ్నం ఫోర్‌మన్ నుంచి ఒక ఫొటో వస్తుంది: కిటికీ కింద నల్లబడిన చెక్క. "లోపల షీతింగ్ అంతా కుళ్లింది, 18 షీట్లు మార్చాలి, ఇప్పుడే చెప్పండి." షీతింగ్ అంటే సైడింగ్ వెనక గోడకి బిగించే చెక్క షీట్లు. గోడ బోసిగా ఉంది, సాయంత్రానికి వాన అంటున్నారు, ఇంకొకరిని పిలిచే వ్యవధి లేదు. ఇక అతను చెప్పిందే రేటు. ఇల్లు పీకి పందిరేయడం అంటే ఏంటో ఆ పూట బాగా తెలిసొస్తుంది.

కుళ్లు చాలాసార్లు నిజంగానే ఉంటుంది. కానీ దాని రేటు కాంట్రాక్టులో ఎక్కడా ఉండదు. "అవసరాన్ని బట్టి" అనో, "టైమ్ అండ్ మెటీరియల్" (పట్టిన సమయం, వాడిన సరుకును బట్టి) అనో ఒక ముక్క రాసి వదిలేస్తారు. తక్కువ కోట్ తక్కువగా కనబడటానికి చాలావరకు ఆ ముక్కే కారణం. ఎక్కువ చెప్పినవాడు నాలుగైదు షీట్లు ముందే కలుపుకుని ఉండొచ్చు. రెండు కోట్‌లనూ అడుగున ఉన్న మొత్తం అంకెతో పోల్చితే తప్పు మనిషిని ఎంచుకుంటారు.

కాబట్టి ముందు షీతింగ్ సంగతి తేల్చుకోండి. కాంట్రాక్టులో ఉండాల్సింది ఇది: 4 అడుగులు × 8 అడుగుల ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసే) షీటు ఒక్కదానికి ఇంత, అందులో పాతది పీకడం, కొత్తది బిగించడం, చెత్త తీసుకుపోవడం అన్నీ కలిపి. వెనకున్న స్టడ్ (నిలువు చెక్క) గానీ, గోడ అడుగున ఉండే రిమ్ బోర్డు గానీ పోతే అడుగుకి ఇంత. మొదటి రెండో మూడో షీట్లు కోట్‌లోనే కలిపి ఉండాలని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఏ ముక్క మార్చినా ముందు టేపు పెట్టి తీసిన ఫొటో, మీ నుంచి టెక్స్ట్‌లో అనుమతి. నోటిమాట చెల్లదని ఒక వాక్యం రాయించండి.

ఇంకో చిన్న కిటుకు చూడండి. కిటికీ మూల దగ్గర 2 × 4 అడుగుల ముక్క మారుస్తారు, బిల్లులో మాత్రం పూర్తి షీటు వేస్తారు. ఒక షీటు 32 చదరపు అడుగులు, అలాంటి ముక్కలు నాలుగు వస్తాయి. నాలుగు కిటికీల దగ్గర నాలుగు ముక్కలు మార్చి నాలుగు షీట్ల డబ్బు అడిగితే ఒక షీటు వాడి నాలుగింటికి తీసుకున్నట్టే. కూలి ఎక్కువ అవుతుంది, నిజమే. దానికి ముక్క రేటు వేరుగా రాసుకోవచ్చు. తీసేసిన కుళ్లు చెక్కల్ని మీరు చూసేదాకా డంప్‌స్టర్‌లో వేయొద్దని కూడా చెప్పండి.

అసలు గోడ విప్పకముందే సగం తెలుసుకోవచ్చు. నీళ్లు దిగే చోట్లు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే: కిటికీల కింది మూలలు, డెక్ గోడకి కలిసే పట్టీ, బయటి కుళాయి చుట్టూ, చిమ్నీ పక్కన. వీటన్నిటికంటే ముఖ్యమైనది, కింది అంతస్తు రూఫ్ వాలు వచ్చి పై గోడని తాకి గట్టర్ దగ్గర ఆగిపోయే చోటు. అక్కడ నీటిని గోడ నుంచి పక్కకి నెట్టి గట్టర్‌లోకి మళ్లించడానికి కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అని వంచిన చిన్న రేకు ముక్క ఉండాలి. అది లేకపోతే ఆ వాలు మీద పడ్డ వానలో కొంత ప్రతిసారీ సైడింగ్ వెనక్కి జారుతుంది. పైకి ఏమీ కనిపించదు, లోపల ఏళ్ల తరబడి నానుతుంది. నిచ్చెన అక్కర్లేకుండా కిందినుంచి ఫోన్ జూమ్ చేసి చూసినా ఆ రేకు ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే ఆ కింది నాలుగడుగులూ కుళ్లి ఉంటాయనే లెక్క వేసుకోండి. వైనిల్ (ప్లాస్టిక్) సైడింగ్ అయితే జిప్ టూల్ అనే చిన్న కొక్కెంతో ఒక పలక గడి విప్పి, లోపల చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి, మళ్లీ గడి వేసేయొచ్చు. కోట్ ఇవ్వడానికి వచ్చినవాడిని ఈ పని చేయమనండి. రెండు మూడు చోట్ల విప్పి చూడటానికి కూడా ఒప్పుకోనివాడికి, తర్వాత దొరికే కుళ్లు మీదే ఆశ ఉందేమో అనుకోవాలి.

ఇక కొలతలు. సైడింగ్ లెక్క "స్క్వేర్"లలో ఉంటుంది, ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. ఈ అంకెని ఎవరూ తిరిగి కొలవరు, పెద్ద తేడా వచ్చేది అక్కడే. ఒక ఇల్లు 40 × 30 అడుగులు, గోడ ఎత్తు 18 అడుగులు అనుకుందాం. చుట్టుకొలత 140, ఎత్తుతో గుణిస్తే 2,520. రెండు పక్కలా రూఫ్ వాలు కింద ఏర్పడే గేబుల్ త్రికోణాలు ఒక్కోటి 30 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు అయితే రెండూ కలిపి 225. మొత్తం 2,745 చదరపు అడుగులు. గ్యారేజీ తలుపు 112, కిటికీలు 14 ఉంటే 210, మిగతా తలుపులు 80 తీసేస్తే మిగిలేది 2,343. దానికి పది శాతం వేస్టేజీ (కోతల్లో పోయే సరుకు) కలిపితే 26 స్క్వేర్లు. అదే ఇంటికి కిటికీలు, తలుపులు తీసేయకుండా, పైగా 15 శాతం వేస్టేజీ కలిపి 32 స్క్వేర్లు రాసేవాళ్లున్నారు. ఆరు స్క్వేర్ల సరుకూ కూలీ గాల్లోంచి పుట్టింది. కిటికీలు తీసేయకుండా, ఆ మిగులునే వేస్టేజీ అనుకుని వేరే శాతం కలపని పద్ధతి కూడా ఒకటుంది, అది న్యాయమే. రెండూ కలిపితేనే తప్పు. ముందువైపు ఇటుక ఉంటే అది తీసేశారో లేదో చూడండి, ఈ మాట అడగడం చాలామంది మర్చిపోతారు.

సరుకు దిగిన రోజు లెక్కపెట్టడం తేలికే. వైనిల్ పెట్టె ఒక్కోటి సాధారణంగా రెండు స్క్వేర్లు, అంటే 26 స్క్వేర్లకి 13 పెట్టెలు. ఫైబర్ సిమెంట్ (సిమెంటు, నార కలిపి చేసే పలకలు) అయితే ఎనిమిదింపావు అంగుళాల వెడల్పు పలక బిగించాక బయటికి కనిపించేది 7 అంగుళాలు, పొడవు 12 అడుగులు. అంటే పలకకి 7 చదరపు అడుగులు, స్క్వేర్‌కి వేస్టేజీ కాకుండా 15 పలకలు.

కోట్‌లో లేనివి ఏంటో రాసిమ్మని అడగండి. ఉన్నవాటి జాబితా కంటే అది ఎక్కువ ఉపయోగం. గట్టర్లు, డౌన్‌స్పౌట్‌లు విప్పి మళ్లీ పెట్టడం, సాఫిట్, ఫేసియా (రూఫ్ అంచు కింది పలక, అంచు పట్టీ), కిటికీ చుట్టూ ట్రిమ్ పట్టీ, లైట్లకీ కుళాయిలకీ వేసే మౌంటింగ్ బ్లాకులు, డ్రైయర్ వెంట్, ఏసీ లైన్లు, కెమెరాలు, పర్మిట్, డంప్‌స్టర్. ఒక్కోటీ చిన్నదే, అన్నీ కలిస్తే చిన్నది కాదు. కరెంటు మీటర్ కదపాల్సి వస్తే అది కాంట్రాక్టర్ చేతిలో పని కాదు, యుటిలిటీవాళ్లు (కరెంటు కంపెనీ) రావాలి. వాళ్ల తేదీ కోసం పని ఆగుతుంది. ఫైబర్ సిమెంట్‌లో "ప్రైమ్డ్" (ప్రైమర్ మాత్రమే పూసినది) అని రాసి ఉంటే పెయింట్ ఖర్చు మీదే. రంగుతో వచ్చేదానికీ దీనికీ కోట్‌లో ఉన్న తేడా పెయింటర్ బిల్లుతో మాయమైపోతుంది. సైడింగ్ వెనక ఇన్సులేషన్ ఫోమ్ వేస్తామంటే గోడ మందం పెరిగి కిటికీలు లోపలికి దిగినట్టవుతాయి, ప్రతి కిటికీకి ట్రిమ్ పెంచాలి. ఇది ముందు చెప్పేవాళ్లు తక్కువ. ఎనర్జీ టాక్స్ క్రెడిట్ వస్తుందని ఎవరైనా ఇంకా చెబుతుంటే నమ్మకండి. ఇన్సులేషన్‌కి ఉన్న ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది.

పాతదాని మీదే కొత్తది వేస్తామని తక్కువకి చెప్పే కోట్ కూడా ఒకటి వస్తుంది. కుళ్లు ఉంటే అది మూతపడి ఇంకా పెరుగుతుంది, అంతే. 1978కి ముందు కట్టిన ఇల్లయితే ఇంకో ఖర్చుంది. బయట 20 చదరపు అడుగులు దాటి పాత పెయింట్‌ని కదిపితే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సీసం నిబంధన వర్తిస్తుంది. సర్టిఫికెట్ ఉన్న సంస్థే చేయాలి, గోడ నుంచి కనీసం 10 అడుగుల మేర నేల మీద ప్లాస్టిక్ పరచాలి. ఆ ఊసే లేని చవక కోట్ ఆ జాగ్రత్తలన్నీ ఎగ్గొట్టబోతోందన్నమాట.

పని ఎలా చేశారన్నది కూడా ఖర్చే, కాకపోతే ఏడాది తర్వాత తెలిసే ఖర్చు. వైనిల్ ఎండకి సాగి చలికి ముడుచుకుంటుంది. అందుకే మేకు గాడి మధ్యలో కొట్టాలి, తల పూర్తిగా దిగకుండా అంగుళంలో 32వ వంతు సందు వదలాలి, చివర్లలో పావు అంగుళం ఖాళీ ఉంచాలి. తొందరలో బిగించి కొడితే మొదటి వేసవికే గోడ అలలు అలలుగా లేస్తుంది. పరీక్ష సులువు: బిగించిన పలకని రెండు చేతులతో పట్టుకుని ఎడమకీ కుడికీ జరపండి. కొంచెం కదలాలి. కదలకపోతే ఆ వరస మళ్లీ విప్పించండి, నిచ్చెనలు ఇంకా అక్కడే ఉండగానే. ఎదురింటి లో-ఈ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్న) కిటికీల నుంచి ఎండ పరావర్తనమై మీ గోడ మీద పడుతుంటే వైనిల్ కరిగి వంకరపోవచ్చు. చాలా వారంటీలు దాన్ని కలుపుకోవు, ఆ గోడ వరకైనా వేరే సరుకు ఆలోచించండి.

ఫైబర్ సిమెంట్‌లో చూడాల్సింది ఖాళీలు: నేల నుంచి 6 అంగుళాలు, రూఫ్ మీదికి దిగే చోట సాధారణంగా 2. రెండు పలకలు కలిసే చోట వెనక ఫ్లాషింగ్ పట్టీ ఉండాలి. ఈ దూరాలు పాటించకపోతే కంపెనీ వారంటీ అడిగే దారి మూసుకుపోతుంది. కంపెనీ ఇచ్చేది సరుకు వారంటీ, బిగింపు తప్పులకి కాదు. పనితనం వారంటీ కాంట్రాక్టర్ నుంచి విడిగా, ఎన్నేళ్లో రాసి తీసుకోవాలి. "లైఫ్‌టైమ్" అన్న మాటకి లొంగకండి, ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లు ఇచ్చే వాటా తగ్గిపోయే షరతు చాలాసార్లు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డబ్బు ఇచ్చే పద్ధతి మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క కళ్లెం. అడ్వాన్స్‌కి కొన్ని రాష్ట్రాల్లో హద్దుంది: కాలిఫోర్నియాలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది, మేరీల్యాండ్‌లో మూడో వంతు. తర్వాతి విడత సరుకు మీ ఇంట్లో దిగాక, ఇంకోటి హౌస్ ర్యాప్ (షీతింగ్ మీద నీరు దిగకుండా చుట్టే పొర), ఫ్లాషింగ్‌లు మీరు చూశాక, సైడింగ్ వాటిని కప్పేయకముందే. చివరి విడత పెద్దదిగా ఉంచి, లీన్ వేవర్ (మీ ఇంటి మీద బాకీ హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం) చేతికొచ్చాకే ఇవ్వండి. కాంట్రాక్టర్ సరుకు కొట్టువాడికి ఎగ్గొడితే, మీరు అతనికి పూర్తిగా కట్టేసినా సరే, మీ ఇంటి మీద లీన్ (బాకీ హక్కు) పడే ప్రమాదం ఉంది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అతను పంపిన పీడీఎఫ్ కాకుండా నేరుగా అతని ఏజెంట్ నుంచి తెప్పించుకోండి, వర్కర్స్ కాంప్ (పనివాళ్లకి దెబ్బ తగిలితే కట్టే బీమా) ఉందో లేదో చూడండి.

వడగళ్ల వాన పడ్డాక ఇన్సూరెన్స్ డబ్బుతో పని చేస్తామని తలుపు తట్టేవాళ్ల సంగతి వేరు. "డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మీ వాటా) మేమే చూసుకుంటాం" అంటే అక్కడే ఆపేయండి. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి అది చట్టవిరుద్ధం. క్లెయిమ్ హక్కులు వాళ్ల పేరిట రాసిచ్చే కాగితం మీద సంతకం అసలే వద్దు. "ఈ రోజు సంతకం పెడితేనే ఈ ధర" అని మీ హాల్లో కూర్చుని ట్యాబ్లెట్ చాపినవాడికి తొందరపడి పెట్టేసినా ఒక దారి మిగిలి ఉంది. ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నిబంధన ప్రకారం ఇంట్లో కుదిరిన ఇలాంటి ఒప్పందాన్ని మూడో బిజినెస్ డే అర్ధరాత్రి లోపు రద్దు చేసుకోవచ్చు. శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారం రాదు. రద్దు ఫారం రెండు కాపీలు వాళ్లే ఇవ్వాలి. అయితే వాళ్ల ఆఫీసులో మాట్లాడుకుని కుదుర్చుకున్నదానికి ఇది వర్తించదు. రద్దు లేఖ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.

ఇవేవీ రాయించుకోకుండానే గోడ విప్పేసి, ఆ మధ్యాహ్నపు ఫొటో మీకు ఇప్పుడే వచ్చి ఉంటే, వాన పేరు చెప్పి ఒప్పించనివ్వకండి. ఆ గోడ మీద హౌస్ ర్యాప్ వేసి అతుకులకి టేపు కొట్టి, కుళ్లిన చోట్ల మీదుగా టార్పాలిన్ బిగించి వెళ్లమనండి. హౌస్ ర్యాప్‌లో ఒక రకమైన టైవెక్ హోమ్‌ర్యాప్‌ని ఎండలో వదలడానికి దాని కంపెనీ ఇచ్చిన గడువే 120 రోజులు. మీకు కావాల్సింది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఇంకొకరిని పిలిచి షీటు రేటు అడగండి, ఎన్ని షీట్లో మీరే టేపుతో కొలిచి లెక్క వేయండి, ఆ అంకెతో చేంజ్ ఆర్డర్ (ఒప్పందంలో మార్పుని రాసే కాగితం) రాయించుకున్నాకే మళ్లీ మేకు కొట్టనివ్వండి.